దసరా నుంచి అట్లతద్ది దాకా



ఆశ్వయుజ శుద్ధ దశమి దసరా. అదే నెల బహుళ తదియ అట్లతద్ది. రెండు పండగలకీ మధ్య ఎనిమిది రోజుల ఎడం. వారం, పైన ఒక్కరోజు. శరదృతువు మన ఇళ్ళల్లోకి అడుగుపెట్టే రోజులవి. ఈవేళ ఆ వారం గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని వచ్చాను.

మాది విజయనగరం జిల్లాలో చంపావతి ఒడ్డున ఒక పల్లె. పెళ్ళయి విశాఖపట్నంలో స్థిరపడ్డాను. పుట్టింట్లో తమ్ముడూ మరదలూ వ్యవసాయం చేసుకుంటున్నారు. పెదనాన్న వాళ్ళ దగ్గరే ఉంటారు. మా అక్కది రాయగడ. తనని అప్ప అంటాం. దసరా ముందురోజు తను మనవల్ని వెంటబెట్టుకుని పార్వతీపురం మీదుగా వచ్చే రైల్లో విజయనగరం స్టేషనులో దిగుతుంది. సంక్రాంతికీ అందరం కలుస్తాం గాని, అప్పుడు ధాన్యం పనులు, కొత్త అల్లుళ్ళు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. కూర్చుని మాట్లాడుకునే తీరిక ఉండదు. దసరా వేళకి నాట్లు, కలుపులు అయిపోయి ఉంటాయి. కోతకి ఇంకా నెల పైన ఉంటుంది. రైతు ఇంట్లో మాటలకి చోటు దొరికేది ఈ సందులోనే.

ప్రకృతి కూడా ఈ సందులోనే కాస్త తెరిపి ఇస్తుంది. అక్టోబరు సగమయ్యేసరికి నైరుతి రుతుపవనాలు దేశం నుంచి వెనక్కి మళ్ళుతాయి. ఇరవయ్యో తేదీ అటూ ఇటూగా ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. ఈ రెండిటి నడుమ ఆకాశం తేటపడుతుంది. గెడ్డల ఒడ్డున రెల్లు తెల్లగా పూస్తుంది. చెరువుల్లో నీరు తేరుకుని కలువలు పైకి వస్తాయి. తెల్లవారేసరికి పారిజాతాలు వాకిలంతా రాలి ఉంటాయి. రోడ్ల పక్కన సీతాఫలాల గంపలు దిగుతాయి. పడమటి దేశాల్లో ఈ రుతువుని ఆకు రాలడంతో గుర్తుపడతారట. మా దగ్గర ఆకు రాలదు. పైరు పొట్ట విప్పి వెన్ను తీస్తుంది.

ఆ వెన్ను తీసే రోజుల్లో మా తమ్ముడు పొద్దున్నే చేలోనే ఉంటాడు. ఈసారి నేనూ వెంట వెళ్ళాను. ఎండ కాసే రోజున తొమ్మిది, పది గంటల వేళకి వరి పువ్వు విచ్చుకుంటుంది. గంటా రెండు గంటల్లో మళ్ళీ మూసుకుంటుంది. ఏడాది తిండి నిలిచేది ఆ కాస్త సమయం మీదే. ఆ వేళకి పెద్ద వాన పడితే పుప్పొడి కొట్టుకుపోయి గింజ తాలుపోతుంది. అందుకే ఆ గంటల్లో రైతు మందు కొట్టడు, చేలో అనవసరంగా తిరగడు. గట్టు మీద నిలబడి చూస్తాడంతే. తమ్ముడు నాకొక వెన్ను చూపించాడు. పచ్చటి పొట్టు తెరుచుకుని, దాని అంచున సన్నటి కేసరాలు వేలాడుతున్నాయి. అన్నం తినే ప్రతి మనిషీ జీవితంలో ఒక్కసారైనా వరి పువ్వుని దగ్గరగా చూడాలని నాకు ఆ ఉదయం గట్టిగా అనిపించింది.

దసరానాటి మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని పాలపిట్టను వెతకడానికి బయలుదేరాం. ఆ రోజు పాలపిట్ట కనబడితే ఏడాదంతా మంచి జరుగుతుందని మనవాళ్ళ నమ్మకం. అప్ప మనవడికి ఎనిమిదేళ్ళు. వాడికి బొమ్మల పుస్తకంలో తప్ప ఆ పిట్ట తెలియదు. పొలాల మధ్య కరెంటు తీగల మీద అది కాపు కాస్తుంది. మిడతనో పురుగునో చూసి కిందికి దూకుతుంది. కూర్చున్నంతసేపూ మట్టిరంగుగా కనిపించే పిట్ట, రెక్కలు విప్పేసరికి నీలాలు పరుస్తుంది. చెరువు గట్టు దాకా నడిచాం, లేదు. మామిడితోట చుట్టి వచ్చాం, లేదు. పిల్లలు నిరాశపడి ఇంటిదారి పట్టాక, చివరి స్తంభం దగ్గర ఎగిరింది. వాడు కేక వేయకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొన్ని ఊళ్ళల్లో ఈ పిట్టని పట్టి, పంజరంలో పెట్టి, వీధి వీధీ తిప్పి చూపించి డబ్బులు తీసుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నేరమనే కాదు, రెక్కలు కట్టేసిన పిట్టను చూసి శుభం కోరుకోవడం మనకి తగదు. వెతుక్కుంటూ నడవడమే ఆ పండగ.

ఇల్లంతా నిండాక కబుర్లు మొదలవుతాయి. ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి శ్రీమంతం, ఎవరికి శుక్లాల ఆపరేషను, ఎవరి అప్పు తీరింది. ఇవన్నీ ఫోనులో ముందే తెలిసినవే. అయినా ఎదురుగా కూర్చుని మళ్ళీ చెప్పుకుంటాం. చెప్పేకొద్దీ ఫోనులో రానివి బయటపడతాయి. ఆపరేషన్ జరిగిందన్నది ఫోనులో వచ్చింది. కట్టు విప్పాక మొదట చూసింది ఎవరి మొహాన్ని, అప్పుడేమన్నదీ అన్నది మాత్రం ఇంటికొచ్చాకే తెలిసింది.

అందరికీ ఈ అవకాశం ఉండదు. మా జిల్లా, శ్రీకాకుళం జిల్లా తీరాల నుంచి ఎంతోమంది మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోట్ల మీద పని చేస్తారు. ఈ రోజుల్లో వాళ్ళు సముద్రం మీద ఉంటారు. వాళ్ళ ఇళ్ళల్లో దసరా ఫోనులోనే జరుగుతుంది. దేశం ఆ కొసన వలలు లాగుతున్నవాళ్ళనీ, ఈ కొసన వాళ్ళ ఫోను కోసం కూర్చున్నవాళ్ళనీ తలుచుకుంటే, కలిసి కూర్చోగలగడం ఎంత అదృష్టమో తెలుస్తుంది.

పండగ మర్నాడు కాదు, ఆపై రోజు పిన్ని ఊరికి బయలుదేరాం. నది అవతల ఒడ్డున. బండి మీద చుట్టు తిరిగి వెళ్ళొచ్చు గాని, నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయని తెలిసి పిల్లలు నడిచే వెళ్దామన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఇసకలో కాళ్ళు దిగబడుతుంటే దాటాం. అవతలి ఒడ్డున రెల్లు మా తలల కంటే ఎత్తుగా ఉంది. తడి ఇసకలో తోక ఆడిస్తూ కాటుకపిట్టలు పరుగులు తీస్తున్నాయి. చలికాలం గడపడానికి ఉత్తరాది నుంచి, హిమాలయాల అవతలి నుంచి కూడా కాటుకపిట్టలు మన వైపు దిగే కాలం ఇదే. మన ప్రాచీన కవులు శరత్తు రాకని ఈ పిట్ట రాకతో చెప్పింది ఊరికే కాదు.

పిన్ని ఇంట్లో ఆవు ఈని రెండు రోజులైంది. వేడివేడి జున్ను పెట్టింది. పిన్ని దగ్గర అసలు కబురు వేరే ఉంది. పక్క చేను వాళ్ళతో ఏళ్ళ తరబడి నడిచిన గట్టు తగాదా తీరిపోయింది. ఎలా తీరిందంటే, ఆవుకి ఈత కష్టమైన రాత్రి, పిలవకుండానే పరుగెత్తుకొచ్చింది ఆ పక్క చేనాయనే. "తెల్లారేదాకా ఈడే ఉన్నాడమ్మా. దూడ నిలబడ్డాకే ఇంటికెళ్ళాడు. ఇంకేటి గట్టు, ఇంకేటి తగువు" అంది పిన్ని. ఈ కబురు ఫోనులో ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఇది ఫోనులో సెప్పీదా?" అంది. నిజమే. ఆ మాట చెప్తున్నప్పుడు పిన్ని మొహం చూడాలి, పాకలో దూడని చూడాలి, అంతలోకే మజ్జిగ చెంబుతో అటుగా వచ్చిన ఆ మనిషిని చూడాలి.

తిరిగి వస్తుంటే పిన్ని సీతాఫలాలు సంచీ నిండా ఇచ్చింది. కళ్ళు విచ్చుకున్నవి రెండు రోజుల్లో పండుతాయి. బియ్యం డబ్బాలో పెట్టాం. పెరట్లో ఇంకో పని కూడా జరిగింది. తాటిపళ్ళు తినేశాక మిగిలిన టెంకలన్నీ మరదలు ఓ మూల పోగేసి ఉంచింది. పిల్లలు మట్టి గుల్లచేసి, టెంకలు వరసగా పేర్చి, పైన మట్టి కప్పి పాతర వేశారు. సంక్రాంతి నాటికి అవి తేగలవుతాయి. ఎవరు పాతింది ఎక్కడో పుల్లలు గుచ్చి గుర్తులు పెట్టుకున్నారు. మళ్ళీ ఎప్పుడు వస్తారని ఈసారి పిల్లల్ని అడగనక్కర్లేకపోయింది.

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలిగా పుట్టి దేవతగా వెలిసిన తల్లి అని మా ప్రాంతం నమ్మకం. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. యుద్ధం వద్దని వేడుకున్న ఆడపడుచు, అన్న మరణవార్త విని పెద్దచెరువులో కలిసిపోయిందని పెద్దలు చెబుతారు. చెరువులో దొరికిన విగ్రహానికి గుడి కట్టారు. ఏటా అమ్మవారు పూజారికి కలలో కనబడి ఏ ఊళ్ళో, ఎవరి తోటలో సిరిమాను ఉందో చెబుతుందంటారు. ఆ చింతమాను ఇచ్చిన రైతు తన అదృష్టమనుకుంటాడు. ముందురోజు తొలేళ్ళ ఉత్సవం. మర్నాడు మధ్యాహ్నం పూట, యాభై అడుగుల పైన ఉండే ఆ మాను చివర ఆసనంలో పూజారి కూర్చుని, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు సాగుతాడు. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్లఏనుగు నడుస్తాయి. జనం అరటిపళ్ళు విసిరి మొక్కుకుంటారు.

ఆ జనంలోకి పెదనాన్నని తీసుకెళ్ళడమే ఆ వారంలో మా పెద్ద సాహసం. ఆయనకి ఎనభై దాటాయి. "ఒకపాలి సూడాల" అన్నారు. పొద్దున్నే బయలుదేరి, తెలిసినవాళ్ళ మేడ మీద కుర్చీ వేయించి కూర్చోబెట్టాం. సిరిమాను వస్తుంటే వీధి వీధంతా హోరెత్తింది. డప్పులు, కేకలు. మా చెవులు దిమ్మెక్కుతున్నాయి. పెదనాన్న మాత్రం రోడ్డుకి అటువైపు చూస్తున్నారు. అప్ప భుజం తట్టి ఇటు తిప్పేదాకా ఆయనకి మాను వస్తున్నట్టే తెలియలేదు.

అప్పుడు మాకు ఒక్కొక్కటే తట్టాయి. ఇంట్లో టీవీ మోత. పక్కనుంచి పిలిస్తే పలకకపోవడం. ఏం అడిగినా "ఆఁ, బాగుంది" అనడం. రాత్రి ఇంటికొచ్చాక అప్ప ఆయన కుడిపక్కన కూర్చుని, కాస్త గట్టిగా, నెమ్మదిగా అడిగింది. పెదనాన్న చాలాసేపు కండువా అంచు సవరించుకుంటూ ఉండి చెప్పారు: "ఫోనులో మీరేటన్నా నాకు సగమే ఇనిపిస్తాదమ్మా. మళ్ళీ సెప్పమంటే దూరాన్నుండి మీరు గాబరా పడతారని ఊఁ కొట్టీసేవోణ్ణి."

మర్నాడే విజయనగరంలో చెవి వైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళాం. పరీక్ష చేసి, వయసుతో వచ్చిన లోపమనీ, వినికిడి యంత్రం పెడితే చాలావరకూ వినగలరనీ చెప్పారు. చెవి కొలతలు తీసుకున్నారు. మాట్లాడేటప్పుడు ఎదురుగా ఉండి, మొహం కనబడేలా, అరవకుండా, విడివిడిగా పలకమన్నారు. పెద్దవాళ్ళున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే మాట కాబట్టి మీకూ చెబుతున్నాను. వినికిడి తగ్గినవాళ్ళు జవాబు చెప్పడం మానరు, అడగడం మానేస్తారు. అది ఫోనులో పట్టుబడదు. నాలుగు రోజులు కలిసి ఉంటేనే పట్టుబడుతుంది.

పౌర్ణమి రాత్రి అందరం డాబా మీద పడుకున్నాం. వెన్నెల్లో చేలు దూరం దాకా కనబడుతున్నాయి. తమ్ముడు మాత్రం తూర్పు వైపు చూస్తూనే ఉన్నాడు. మా ప్రాంతం రైతుకి ఈ రుతువు ఎంత అందమో అంత భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అట్లతద్ది దాటీ దాటగానే వచ్చిందది. 2018 అక్టోబరు 11న నవరాత్రుల మొదట్లో తిత్లీ తుఫాను వచ్చి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరిచెట్లనీ జీడితోటల్నీ కూల్చేసింది. బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా పుట్టే నెలలు అక్టోబరు, నవంబరు. చేను వెన్ను తీసేదీ, గింజ పాలు పోసుకునేదీ ఆ నెలల్లోనే. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అప్పుడు కబురు మనిషి కాళ్ళ మీద నడిచింది. పడిపోయిన చెట్ల మధ్య నుంచి తమ్ముడు సైకిలు నడుపుకుంటూ, మోసుకుంటూ, ఊరూరా తిరిగి చుట్టాలందరి క్షేమం తెలుసుకుని వచ్చాడు. ఎవరి ఇల్లు ఎక్కడో, ఏ దారిన పోతే చేరతామో వాడికి తెలుసు గనక అది జరిగింది. చుట్టరికానికి దారులు తెలిసి ఉండాలి. పిల్లలు పిన్ని ఊరికి నడిచి వెళ్దామంటే ఒప్పుకున్నది అందుకే.

ఇక అట్లతద్ది. ముందురోజు సాయంత్రం మరదలు గోరింటాకు రుబ్బింది. రాత్రి భోజనాలయ్యాక ఆడవాళ్ళం, పిల్లలం రెండు చేతులకీ పెట్టుకుని వసారాలో కూర్చున్నాం. రెండు చేతులూ పండాలంటే కదల్చకూడదు. ఎవరూ ఫోను పట్టుకోలేరు, ఎవరూ లేచి పనికి వెళ్ళలేరు. ఊరికే కూర్చోవాలి. ఆ తీరికలోనే మా మేనకోడలు నోరు విప్పింది. నర్సింగు చదువు చివరి ఏడాదిలో ఉంది. ఇంట్లో ఒక సంబంధం గురించి మాటలు సాగుతున్నాయి. "అత్తా, నాకు పెళ్ళి వద్దని కాదు. చదువు పూర్తయ్యి ఒక ఏడాదైనా ఆసుపత్రిలో పని చేశాక చేసుకుంటాను. నాన్నకి చెప్పడానికి భయం వేసింది" అంది. వాళ్ళ నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. కాసేపాగి, "అలాగే సెప్పేద్దాం వాళ్ళకి. ఆగితే ఆగుతారు, లేకపోతే లేదు" అన్నాడు. అంతే. నెలల తరబడి ఆ పిల్ల గుండెలో ఉన్న మాట అలా తీరింది.

తెల్లవారకముందే లేచి, చద్దన్నంలోకి గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు వేసుకుని తిన్నాం. చీకట్లోనే వేపచెట్టు ఉయ్యాల దగ్గరకి వీధి ఆడపిల్లలంతా చేరారు. అరవై దాటిన అప్ప ఉయ్యాల ఎక్కి, అందరికంటే ఎత్తుకి ఊగింది. పగలంతా ఉపవాసం. పున్నమినాడు పొద్దు గుంకేవేళకే లేచిన చంద్రుడు రోజురోజుకీ ముప్పావుగంట దాకా ఆలస్యం చేస్తూ, తదియనాటికి రాత్రి ఏడున్నర దాటాకే కనిపిస్తాడు. ఆ ఆలస్యం ఆకలితో ఉన్న ఆడపిల్లలకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పసుపు గౌరమ్మకి పూజ చేసి, చంద్రుణ్ణి చూసి, పదకొండేసి అట్లు వాయనమిచ్చి, అప్పుడు భోజనాలు. మేనకోడలు మొదటి వాయనం వాళ్ళ అమ్మకిచ్చింది.

శ్రోతలారా, ఈ వారంలో మా ఇంట్లో జరిగినవేవీ పెద్ద సంగతులు కావు. ఒక పిట్ట కనబడింది, ఒక తగువు తీరింది, ఒక పెద్దాయన చెవి సంగతి తెలిసింది, ఒక పిల్ల మాట నెగ్గింది. కాని ఒక కుటుంబం బతుకు నడిచేది వీటి మీదే. పెద్ద కబుర్లని ఫోను తెస్తుంది. పుట్టుక, చావు, పెళ్ళి, ఉద్యోగం, అన్నీ నిమిషంలో తెలుస్తాయి. చిన్న కబుర్లకి మాత్రం రోజులు కావాలి. వాటిని ఎవరూ కావాలని దాచరు. అవి బయటికి రావాలంటే పక్కన ఒక మనిషి, పని లేని ఒక గంట ఉండాలి.

అందరికీ వారం సెలవు దొరకదని నాకు తెలుసు. బడులు తెరుస్తారు, ఆఫీసులు రమ్మంటాయి. అయినా పండగకి వెళ్ళినవాళ్ళు మర్నాడు పొద్దున్నే బస్సెక్కకుండా, వీలైతే రెండు రాత్రులు ఎక్కువ ఉండండి. అమ్మతో బజారుకీ, నాన్నతో చేనుకీ, అత్తతో గుడికీ నడవండి. పిల్లలకి చుట్టాల ఊళ్ళ దారులు చూపించండి. అసలు వెళ్ళలేనివాళ్ళు ఫోను చేసినప్పుడు "బాగున్నారా" అని ఒక్కమాటతో ఊరుకోకండి. ఈవేళ ఏం కూర వండారు, మోకాలి నొప్పితో మెట్లెలా ఎక్కుతున్నారు, పక్కింటివాళ్ళు పలకరించారా అని అడగండి. జవాబు చివరిదాకా వినండి. ఈ చిన్న కబుర్లు తెలిసిన ఇంట్లో ఎవరూ తమ కష్టం తామొక్కరే మొయ్యరు. శరత్కాలం మనకి ఏటా ఆ తీరికని ఇస్తోంది. దాన్ని మన మనుషుల కోసం వాడుకుందాం.